నాయనమ్మ గురించి ఏం రాయాలి, ఏం వదిలేయాలి?

ప్రశ్న: మా నాయనమ్మ 2025 ఫిబ్రవరిలో, మాఘమాసంలో, దివిసీమలోని మా ఊళ్లో కాలం చేశారు. రానున్న మాఘంలో సంవత్సరీకం. ఆ రోజు బంధువులందరికీ పంచడానికి ఒక స్మృతి సంచిక వేయాలని మా పెద్దనాన్నగారు నిర్ణయించి, నేను తెలుగు ఉపాధ్యాయురాలిని కాబట్టి ముఖ్య వ్యాసం నన్ను రాయమన్నారు. రాయడానికి కూర్చుంటే ‘త్యాగమూర్తి’, ‘అన్నపూర్ణ’, ‘సహనశీలి’ అన్న మాటలు దాటి కలం కదలడం లేదు. ఆవిడ వయసు కూడా మాకు సరిగా తెలియదు. ఆధార్ కార్డులో 1935 జనవరి 1 అని ఉంది. ఆవిడేమో ‘శుక్ల నామ సంవత్సరం కార్తీకంలో పుట్టాను’ అనేవారు. పెద్దనాన్నగారు ఫ్లెక్సీ మీద 96 ఏళ్లు అని వేయించారు. ఇవి కాక ఇంకో రెండు సంగతులున్నాయి. 1968లో నాయనమ్మ తనకు పసుపు కుంకుమ కింద పుట్టింటివారిచ్చిన ఎకరం పొలం అమ్మి, మా పెద్దత్తను మచిలీపట్నంలో టీచరు ట్రైనింగుకు పంపారు. అది తాతయ్యకూ పెద్దనాన్నగారికీ ఇష్టం లేకుండా జరిగింది. ఆ మనస్పర్థ ఇప్పటికీ పూర్తిగా పోలేదు. 1977 ఉప్పెనలో మా చిన్నత్త పన్నెండేళ్ల వయసులో పోయింది. ఆమె పేరు ఇంట్లో ఎవరూ ఎత్తరు. నాయనమ్మ మాత్రం ఏటా కార్తీకంలో ఒక రోజు పొయ్యి వెలిగించేవారు కాదు. అడిగితే ఉపవాసం అనేవారు. పొలం సంగతీ చిన్నత్త సంగతీ రాయవద్దని పెద్దనాన్నగారి మాట. అవి రెండూ తీసేస్తే నాయనమ్మ గురించి ఏం రాయాలో నాకు తోచడం లేదు. ఏం చేయమంటారు?

— ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడే, మీరు మాటలు దొరకక ఆగిపోలేదని నాకు అర్థమైంది. ఒక మనిషి జీవితంలో ఆమె సొంతంగా తీసుకున్న అతి పెద్ద నిర్ణయాన్నీ, ఆమెకు తగిలిన అతి పెద్ద దెబ్బనూ పక్కన పెట్టి మిగిలినదంతా రాయమంటే ఎవరి కలమైనా ‘త్యాగమూర్తి’ దగ్గరే ఆగిపోతుంది. ఆ విశేషణాలు అబద్ధాలని నేను అనను. అయితే అవి మీ నాయనమ్మగారికి ఎంత సరిపోతాయో పక్క ఊళ్లో పోయిన మరో పెద్దావిడకూ అంతే సరిపోతాయి. ఫొటో మార్చి వేరొక కుటుంబం పంచుకోగలిగిన సంచిక మీ ఇంట్లో ఎవరి చేతిలోనూ రెండోసారి తెరుచుకోదు. అందువల్ల ఆ రెండు సంగతులూ రాయాలన్నదే నా అభిప్రాయం. ఎలా రాయాలి, రాసే ముందు ఎవరిని అడగాలి అన్నదే మనం కొంత జాగ్రత్తగా ఆలోచించవలసిన విషయం.

ముందు వయసు సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే అది మీరు అనుకుంటున్నంత చిక్కు కాదు. ప్రభవ మొదలు అక్షయ వరకు తెలుగు సంవత్సరాలు అరవై. 1927 ఉగాదితో ప్రభవ మొదలైంది, ఆ వరుసలో మూడోది శుక్ల. అంటే 1929 ఏప్రిల్ నుంచి 1930 మార్చి వరకు. అంతకు ముందు శుక్ల 1869లోనూ, ఆ తర్వాతది 1989లోనూ వచ్చాయి కాబట్టి పొరపాటుకు తావు లేదు. ఆ ఏటి కార్తీకం నవంబరు నెలలో పడింది. కనుక మీ నాయనమ్మగారు 1929 నవంబరులో పుట్టారు, 95 ఏళ్లు నిండి, 96వ ఏడు నడుస్తుండగా కాలం చేశారు. పెద్దనాన్నగారి లెక్క నడుస్తున్న ఏడు కలుపుకొని చెప్పే మన పాత పద్ధతి. సంచికలో ‘96వ ఏట’ అని వేస్తే అందరి మాటా నిలుస్తుంది. ఇక ఆధార్ సంగతి. పుట్టిన తేదీకి కాగితం లేని పెద్దవాళ్లు నోటితో చెప్పిన ఉజ్జాయింపు వయసును బట్టి సంవత్సరం వేసి, జనవరి 1 అని రాసుకున్న కార్డులు మన ఊళ్లలో లెక్కలేనన్ని ఉన్నాయి. ఆ తేదీ కన్నా ఆవిడ నోటి మాటనే నేను నమ్ముతాను. చదువు అంతగా లేని ఇళ్లలో కూడా ఆడవాళ్లు పిల్లల పుట్టుకను సంవత్సరం పేరుతో, మాసంతో, ఒక్కోసారి నక్షత్రంతో సహా గుర్తు పెట్టుకునేవారు.

ఆ మాటకు కాగితం రుజువు కూడా కావాలనుకుంటే అది మీ చేతికి అందే దూరంలోనే ఉంది. 1968లో పొలం అమ్మారు కదా. ఆ క్రయ దస్తావేజు నకలు సంబంధిత సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో దొరుకుతుంది. ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి లావాదేవీల వివరాలు తెలిపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) 1983 నుంచి జరిగిన లావాదేవీలకే వస్తుంది కాబట్టి, పొలం సర్వే నంబరు, ఊరి పేరు, సుమారు సంవత్సరం రాసి అర్జీ పెట్టి, పాత పుస్తకాలు వెతికించుకోవాలి. కొంచెం తిరగాల్సి వస్తుంది గాని, ఆ నాలుగైదు పేజీల కోసం ఎంత తిరిగినా తక్కువే అంటాను. పాత దస్తావేజుల్లో అమ్మినవారి పేరు, భర్త పేరు, ఊరు, వయసు రాసే అలవాటుంది. అందులో 38 అని ఉంటే శుక్ల సంవత్సరపు లెక్క సరిపోయినట్టే.

అయితే ఆ కాగితంలో వయసు కన్నా విలువైనవి ఇంకా ఉంటాయి. చివరి పేజీ చూడండి. అక్కడ ఆవిడ సంతకం చేశారా, వేలిముద్ర వేశారా? సంతకమే అయితే ఆ అక్షరాలు ఎలా ఉన్నాయి, కూడబలుక్కొని ఒక్కొక్కటిగా దించినట్టున్నాయా, చేయి తిరిగిన రాతలా ఉన్నాయా? పెద్దబాలశిక్ష ఎవరి దగ్గర చదివారో, అసలు చదివారో లేదో మీ ఇంట్లో ఎవరికైనా తెలుసా? దాని కింద సాక్షుల సంతకాలు ఉంటాయి. భర్తకూ పెద్దకొడుక్కూ ఇష్టం లేని పని మీద ఒక ఇల్లాలు రిజిస్ట్రారు ఆఫీసు మెట్లెక్కినప్పుడు ఆమె పక్కన నిలబడింది ఎవరు? పుట్టింటి అన్నదమ్ములా, ఊరి పెద్దా, కొన్న ఆసామి తాలూకు మనిషా? లేక చివరికి తాతయ్యగారే మనసు మార్చుకొని సాక్షి సంతకం చేశారా? మీ ఇంట్లో యాభై ఏళ్లకు పైగా ఒకే తీరుగా చెప్పుకుంటున్న కథ ఆ ఒక్క పేజీతో మరో రకంగా కనబడే అవకాశం ఉంది. ఆ పేజీని సంచికలో అచ్చు వేయగలిగితే ఫొటోల కన్నా దానికే ముందు చోటివ్వండి.

ఆ పొలం సంగతి రాసేటప్పుడు చట్టం ఏమనేదో కూడా తెలిసి ఉండటం మంచిది. పసుపు కుంకుమ కింద వచ్చిన భూమి స్త్రీధనం. 1956లో వచ్చిన హిందూ వారసత్వ చట్టం స్త్రీ ఆస్తి మీద ఆమెకు సంపూర్ణ హక్కును ఖాయం చేసింది. అంటే 1968లో ఆవిడ అమ్మినది తన సొంత భూమినే, ఎవరి వాటానూ కాదు. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికి పుట్టుకతో వాటా అన్న మాట మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి మాత్రమే అమల్లోకి వచ్చింది, అది కూడా అప్పటికి పెళ్లి కాని ఆడపిల్లలకే. ఆ రోజుల్లో ఆడపిల్లకు ఏదైనా ఇవ్వాలంటే తల్లి తన చేతిలో ఉన్నది ఇవ్వడం ఒక్కటే నికరమైన దారి, ఆవిడ చేతిలో ఉన్నది ఆ ఎకరం. దాన్ని నగలుగానో కట్నంగానో మార్చకుండా ఉద్యోగంగా మార్చారు. 1968లో డెల్టా పల్లెటూళ్లో ఒక తల్లికి ఆ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందన్నది మీ వ్యాసంలో నేను అన్నిటి కన్నా ఎక్కువగా చదవాలనుకునే విషయం. తనకు చదువు ఆగిపోయిన బాధ ఏదైనా లోపల ఉందా? ఆవిడ పుట్టిన ఏడాదే, 1929లో, శారదా చట్టం వచ్చి ఆడపిల్ల పెళ్లి వయసు 14 అన్నది. అయినా ఆ తర్వాత కూడా చిన్నతనపు పెళ్లిళ్లు ఆగలేదు. చట్టం వర్తించదని ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాం వెళ్లి పెళ్లిళ్లు చేసుకొచ్చినవారు కోస్తాలో ఉన్నారు. మీ నాయనమ్మగారి పెళ్లి ఏ వయసులో, ఎక్కడ జరిగిందో కనుక్కోండి. 1968 నాటి నిర్ణయానికి వేరు అక్కడ దొరకవచ్చు.

ఇక్కడ పెద్దనాన్నగారి గురించి ఒక మాట. ఆయనకు అన్యాయం జరగకుండా ఇది రాయడం సాధ్యమే. ఆనాటికి ఆయన ఇరవై ఏళ్లు దాటిన కుర్రవాడై, తండ్రితో కలిసి వ్యవసాయంలోకి దిగి ఉంటారు. కళ్లెదుట ఎకరం తరిగిపోతుంటే ఆ వయసు మనిషికి కష్టంగానే ఉంటుంది, అది దురాశ కాదు. అందుకని నా సలహా ఇది: పొలం అమ్మిన సంగతి రాయండి, తగాదా సంగతి రాయకండి. మొదటిది ఆవిడ చేసిన పని. రెండోది మిగిలినవాళ్ల మధ్య నడిచిన వ్యవహారం, అది వాళ్లే తేల్చుకోవాలి గాని అచ్చులో వంద మందికి పంచవలసినది కాదు. ‘విద్యాదాత్రి’ అన్న బిరుదు బదులు, ‘1968లో మా నాయనమ్మ తన పేరిట ఉన్న ఎకరం పొలం అమ్మి, ఆ డబ్బుతో పెద్దకూతురిని మచిలీపట్నంలో టీచరు ట్రైనింగుకు పంపింది’ అని ఒక్క వాక్యం రాయండి. అందులో ఎవరి మీదా నింద లేదు. అది చదివి ఆవిడ ఎలాంటి మనిషో తెలుసుకోలేనివారు ఉండరు. ఆ తర్వాత పెద్దత్తగారు ఎన్నేళ్లు పాఠం చెప్పారో, ఏయే ఊళ్లలో చెప్పారో కూడా రాయండి. ఆ ఎకరం ఎంత పంట పండిందో అక్కడ తెలుస్తుంది.

ఇక చిన్నత్త సంగతి. 1977 నవంబరు 19, శనివారం. ఆ రోజు సముద్రం ఊళ్ల మీదికి వచ్చి సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వంటి తీర గ్రామాల నుంచి లోపలికి ఎంత మేర తుడిచిపెట్టిందో దివిసీమవారికి నేను చెప్పనక్కరలేదు. పోయినవారి సంఖ్య పదివేలకు తగ్గదు. ఎన్నో కుటుంబాలకు తమవారి శవాలు దొరకలేదు. దొరికినవాటిని గుర్తుపట్టే వ్యవధి కూడా లేక మూకుమ్మడిగా దహనం చేశారు. కర్మకాండ సరిగా జరగని చావు ఇంట్లో మిగిల్చే మౌనం వేరుగా ఉంటుంది. దాన్ని దాపరికం అనుకోకండి. పైగా ఆనాటికి పెద్దనాన్నగారు సుమారు ముప్పై ఏళ్ల మనిషి, బహుశా ఆ రాత్రి ఇంట్లోనే ఉన్నారు. చెల్లెలి గురించి రాయవద్దని ఆయన అంటున్నారంటే అందులో పరువు కన్నా వేరే బరువు ఏదో ఉండి ఉంటుంది. ఆ రాత్రి ఏం జరిగిందని ఆయన్ను అడగకండి. ఆయనంతట ఆయన చెబితే వినండి.

మీరు రాసిన కార్తీక ఉపవాసం దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఉప్పెన వచ్చింది కార్తీకమాసంలోనే. ఏటా ఆవిడ పొయ్యి వెలిగించని ఆ ఒక్క రోజు ఏ తిథి అన్నది పెద్దత్తగారికి గాని మీ అమ్మగారికి గాని తప్పకుండా గుర్తుంటుంది. వంటింటి అలవాట్లు కోడళ్లకు తెలిసినంతగా కొడుకులకు తెలియవు. 1977 నాటి పంచాంగం ఏ పురోహితుణ్ని అడిగినా చూసి చెబుతారు, ఆ తిథితో పోల్చి చూడండి. రెండూ ఒకటే అయితే, ఆవిడ నలభై ఏడేళ్లపాటు ఎవరికీ చెప్పకుండా కూతురి తద్దినం తన పద్ధతిలో జరుపుకున్నారన్నమాట. ఒకటి కాకపోతే అది ఉపవాసమే, ఆ వాక్యం వదిలేయండి. ఊహను నిజంగా అచ్చు వేయకండి.

ఏది ఏమైనా ఆ పిల్ల పేరు మాత్రం సంచికలో ఉండి తీరాలి. ఈ ఒక్క విషయంలో నేను రాజీ చెప్పలేను. సంతానం పేర్లు వేసే చోట మిగిలినవారితో పాటు ఆమె పేరు, పక్కన 1965–1977 అని వేయండి. ఆమెను ఎరిగినవారు చెప్పిన సంగతులు ఒకటో రెండో చేర్చండి: ఏ తరగతి చదివేది, ఏం తినడానికి పేచీ పెట్టేది, ఎవరి వెంట తిరిగేది. ఉప్పెన వర్ణన అక్కర్లేదు. నాయనమ్మ పిల్లల్ని లెక్క చెప్పేటప్పుడు ఆ పిల్లను కలిపి చెప్పేవారా, లేదా అన్నది కూడా పెద్దత్తగారిని అడగండి.

ఇంకో సంగతి, ఉప్పెనతో ఆవిడ కథ ముగించే పొరపాటు చేయకండి. అప్పటికి ఆవిడకు 48 ఏళ్లు. అంటే జీవితంలో దాదాపు సగం ఆ తర్వాతే గడిచింది. ఉప్పునీరు నిలిచిన పొలాల్లో మళ్లీ వరి ఎప్పుడు పండింది, ఆ మొదటి ఏడు విత్తనాలు ఎక్కడి నుంచి తెచ్చారు, గొడ్లు పోయాక పాడి మళ్లీ ఎలా కట్టుకున్నారు, తాతయ్య పోయాక కౌలు లెక్కలు ఎవరు చూశారు — ఇవన్నీ అడిగి రాయండి. ఈ ప్రశ్నలకు మీ ఇంటివాళ్ల కన్నా మీ పొలంలో ఊడ్పులకు వచ్చిన ఆడవాళ్లు, పాలేరుగా చేసినవారు, పక్కింటివారు బాగా జవాబు చెప్పగలరు. వాళ్లను ‘ఆవిడ ఎలాంటి మనిషి?’ అని అడిగితే ‘దేవత’ అని ఊరుకుంటారు. కూలి ఎలా కొలిచేవారు, మానికతోనా కుంచంతోనా, తలకొట్టి కొలిచేవారా, పోగు పెట్టేవారా? కోపం వస్తే ఏమని తిట్టేవారు? ఎవరికి అప్పు ఇచ్చేవారు కాదు? ఇలా అడిగితేనే అసలు మనిషి బయటికి వస్తుంది. ఆవిడ కోపాన్నీ పట్టుదలనూ కూడా రాయండి. పిసినారితనం ఉంటే దాన్నీ రాయండి. తొంభై ఐదేళ్లు నెట్టుకొచ్చిన మనిషికి ఆ మాత్రం కరుకుదనం లేకుండా ఎలా జరుగుతుంది?

ఆవిడ పేరు గురించి కూడా చెప్పాలి. ఫ్లెక్సీల మీద ‘ఫలానావారి ధర్మపత్ని’ అన్న మాటే పెద్ద అక్షరాల్లో ఉండి, అసలు పేరు కిందికి జారిపోవడం నేను చాలాచోట్ల చూశాను. మన దేశంలో మొదటి సాధారణ ఎన్నికలప్పుడు తమ పేరు చెప్పకుండా ఫలానావారి భార్యననీ, ఫలానావాడి తల్లిననీ మాత్రమే చెప్పినందుకు ఓటర్ల జాబితా నుంచి దాదాపు 28 లక్షల మంది స్త్రీల పేర్లు తొలగించవలసి వచ్చింది. వారిలో ఎక్కువ మంది ఉత్తరాది రాష్ట్రాలవారే గాని, ఆ అలవాటు మనకూ కొత్త కాదు. అట్ట మీద ఆవిడ పూర్తి పేరు వేయండి, లోపల పుట్టింటి ఇంటిపేరు కూడా ఇవ్వండి, ఇంట్లో పిలిచే పేరు వేరే ఉంటే అదీ చేర్చండి.

చరిత్ర ఎక్కువ చేయవద్దు. మద్రాసు ప్రెసిడెన్సీలో పుట్టి, 1953లో ఆంధ్ర రాష్ట్రంలోకీ, 1956లో ఆంధ్రప్రదేశ్‌లోకీ, 2014లో విభజన తర్వాతి రాష్ట్రంలోకీ ఆ ఊరు కదలకుండానే వచ్చారన్నది ఒక వాక్యంలో చెబితే చాలు. ఉప్పెనలో మీ ఇంటి ఫొటోలు పోయి ఉంటే, అంతకు ముందు జరిగిన బంధువుల పెళ్లి ఆల్బములు వెతికించండి, వెనక వరసలో ఎక్కడో ఆవిడ కనబడతారు.

రాయడం అయ్యాక చిత్తుప్రతిని పెద్దనాన్నగారికి వాట్సాప్‌లో పంపకండి. స్వయంగా వెళ్లి, పక్కన కూర్చుని, మీ గొంతుతో చదివి వినిపించండి. ఆయనకంటూ ఒక పేజీ కేటాయించి, తల్లి గురించి ఆయన చెప్పదలచుకున్నది ఆయన మాటల్లోనే వేస్తానని ముందే చెప్పండి. పొలం సంగతి మీద ఆయన అప్పటికీ పట్టుబడితే పైన చెప్పిన ఒక్క వాక్యం మాత్రం ఉంచుతానని అడగండి. ఆ వాక్యంలో తన పేరు లేదని విన్నాక చాలామంది మెత్తబడతారు. అచ్చులోకి రానివన్నీ, ఎవరెవరు ఏమన్నారో తేదీలతో సహా, ఒక నోటుపుస్తకంలో విడిగా రాసి దాచండి.

సంవత్సరీకం తిథి ప్రకారం కాబట్టి ఫిబ్రవరి తేదీని నమ్ముకొని ప్రెస్సువారికి ఆలస్యంగా ఇవ్వకండి. 2026లో మాఘం జనవరి 19నే మొదలవుతుంది. దస్తావేజు నకలు రావడానికి ఎంత కాలం పట్టినా పట్టవచ్చు. పెద్దత్తగారికి డెబ్బై ఐదేళ్లు దాటి ఉంటాయి కాబట్టి నకలు కోసం ఆగకుండా ఈ వారమే ఆవిడ దగ్గరికి వెళ్లి, ఫోన్లో రికార్డింగు పెట్టి, మచిలీపట్నం ప్రయాణంతో మొదలుపెట్టి చెప్పమనండి.